ఆయన అడగలా, నేను చెప్పలా

చీమకుర్తి క్వారీలో నన్ను మాలకొండయ్యా అని పిలిచినోళ్ళు తక్కువ.
చెవులోడు అనేవాళ్ళు.
దిమ్మ కిందికి దిగంగానే నాకోసం కేక పడేది.
అరకిలో సుత్తితో మూడు చోట్ల తట్టేవాణ్ణి.
బాగున్న రాయి కంచు చెంబు మాదిరి ఖంగుమంటది.
లోపల వెంట్రుకంత బీట ఉన్నా
జలుబు చేసినోడి గొంతు వస్తది.
"ఇది నిలవదు సామీ" అంటే
బేరానికొచ్చిన చైనావాళ్ళు కూడా చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళు.

రాతిలోపలి బీట పట్టేవాడికి
నడుములోపలిది తెలియలా.
మూడేళ్ళ కింద ఒంగోలు ఆస్పత్రిలో చెప్పారు,
రెండు మూత్రపిండాలూ కలిసి
రూపాయికి పావలా పని చేస్తన్నయ్యని.
నీళ్ళు రోజుకి లీటరు. ఉప్పు చిటికెడు.
రవణమ్మ సీసాకి కాటికతో గీత పెట్టింది.
ఆస్పత్రి కాయితాలు మాత్రం ట్రంకుపెట్టెలో
పట్టాదారు పుస్తకం కింద దాచింది,
జబ్బోడని తెలిస్తే మేస్త్రీ పనిలో ఉంచడని.

శ్రావణంలో కాలి మీద రాతిపెచ్చు పడింది.
చీము, జ్వరం.
హజరత్తయ్య వచ్చాడు. చదివిన డాక్టరు కాదు,
అర్ధరాత్రి తలుపు కొట్టినా బండి తీసే మనిషి.
డబ్బు పుస్తకంలో రాసుకుంటాడు, నోరు తెరిచి అడగడు.
సూదిలో గాలి తీస్తా అన్నాడు:
"అమికాసిన్. రెండు పూటలా, ఏడు రోజులు.
ఎట్టాంటి చీమైనా ఎండిపోవాల."
ఎండిపోయింది.

ఆయన అడగలా.
నేను చెప్పలా.
రవణమ్మ ట్రంకుపెట్టె వైపు చూసింది,
నేను రవణమ్మ వైపు చూశా.
అంతే.

మందుకేం తెలుసు పాపం.
వచ్చిన పని చూసుకుని ఒంటికి పోయినప్పుడు పోవాల్సింది.
పోయే దారి పూడిపోయుంది.
పొద్దుటిది కదలకముందే మాపటిది,
బస్సు రాని స్టాండులో జనం మాదిరి
పద్నాలుగు సూదులూ నాలోనే పోగుపడి
చోటు వెతుక్కున్నయ్.
చెవిలో దొరికింది.

ఐదో రోజు గచ్చు పడవలా ఊగింది.
ఆరో రోజు చెవిలో రంపం మొదలైంది,
క్వారీ మూసినా ఆగని రంపం.
ఎనిమిదో రోజు పొద్దున రవణమ్మ నోరు కదులుతోంది.
"గట్టిగా చెప్పవే" అన్నా.
నా మాటే నాకు వినపళ్ళా.

ఒంగోలులో చిన్న డాక్టరమ్మ పెద్దక్షరాలతో రాసి చూపించింది:
మందు తప్పు కాదు. కొలత తప్పు.
మీ కిడ్నీలకి అంత మందు, అన్నిసార్లు, మోయలేని బరువు.
కింద ఇంకో వరస రాసి, కొట్టేసింది.
కొట్టేసినా చదివా.
వినికిడి తిరిగి రాదు.

నీళ్ళకి గీత పెట్టుకున్న ఇల్లు మాది.

హజరత్తయ్య మంచం పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడాడు.
ఏం చెప్పాడో. మీసం తడిసింది.
అప్పు పుస్తకం తీసి నా పేజీ చించబోతే
చెయ్యి పట్టుకున్నా.
ఉండనీ అబ్బయ్యా.
ఎన్ని సూదులో, ఏ పూటవో
ఆ ఒక్క కాయితంలోనే ఉంది.

దసరా అయ్యాక మేస్త్రీ ఒకసారి పిలిపించాడు.
దిమ్మ మీద అరచెయ్యి పెట్టి, ఇంకో చేత్తో తట్టా.
అదురు బాగుందనిపించింది. బాగుందన్నా.
రంపం కింద రెండు ముక్కలైంది.
ఎవరూ ఏమీ అనలేదంట.
అన్నా నాకేం తెలుస్తది.

ఇప్పుడు ఆ కాయితాలు ప్లాస్టిక్ కవర్లో
వాకిలి పక్కన మేకుకి వేలాడుతున్నయ్,
క్యాలెండరు తీసేసిన చోట.
సూది పట్టుకొచ్చినోళ్ళకి ముందు అదే కనపడాలని.
మేస్త్రీ చూస్తేనేం.
దాచుకోడానికి
పని లేదు గదా.